నిమిషానికో నొక్కు

విమానమంటే నాకు భయమని మీలో ఎవరికీ చెప్పలేదు. ఆ ఆదివారం దాకా మా ఆవిడ వనజాక్షికి కూడా తెలియదనే అనుకున్నాను.

గుంతకల్లులో నేను గూడ్సు బండి తోలేవాణ్ణని మీకు తెలుసు. నాలుగు వేల టన్నుల ఇనుప ఖనిజం వెనకేసుకుని వానలో కొండ ఘాటు దిగమన్నా దిగుతాను. కింద పట్టాలుంటాయి కదా, అదీ నా ధైర్యం. పట్టాలు లేనిచోట మేడ మెట్లెక్కాలన్నా గోడ పట్టుకునే మనిషిని.

ఇరవై నాలుగేళ్ల కాపురంలో వనజాక్షి నన్నడిగింది ఒక్కటే. ఒక్కసారి విమానంలో కాశీకి పోవాలని. ఏటా ఏదో ఒక సాకు చెప్పేవాణ్ణి. రైల్వే పాసు వృథా అవుతుందని ఒక ఏడు, సెలవు మంజూరు కాలేదని ఇంకో ఏడు. సాకులన్నీ అయిపోయాక, ఆమె చెవిపోటుకు మందు తెచ్చిన రోజున డాక్టరు మీదికి నెట్టేశాను.

"ఈ చెవులతో విమానమెక్కితే ఇంక వినపడవంట" అన్నాను.

పాపం, ఆ పూట సరిగ్గా అన్నం తినలేదు. నాకూ బాధేసింది. కానీ భయం ముందు ఆ బాధ ఏపాటిది.

సంగతి అంతటితో ఆగిపోయేదే. మా మరదలు హేమ ఊరుకోలేదు. ఆమె ఒకసారి హైదరాబాదుకు విమానంలో పోయి వచ్చింది. బ్యాగుకు వాళ్లు కట్టిన చీటీ రెండేళ్లయినా తీయలేదు. కూరగాయలకు పోయినా అదే బ్యాగు, అదే చీటీ. వీధిలో అందరూ ఆమెను చీటీ హేమ అంటారు. ఆ పేరు పెట్టిందెవరో ఆమెకు అప్పటికి తెలియదు.

"ఏం బావా, రైల్వే వాళ్లు మీ పేరు మార్చి లోకో పైలట్ అంటాండారంట" అంది హేమ. "పైలట్ పెండ్లానికి విమానం యోగం లేకపాయె. మా అక్కకు చెవులు బాగలేవు సరే, నీకేమైంది? భయమా?"

వనజాక్షి కందిపప్పు ఏరుతూ ఒక్కసారి నా మొహం చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు.

"భయమా? నాకా?" అన్నాను. "మా విష్ణువర్ధన్‌కు సొంత విమానముండాది. వచ్చే ఆదివారమే ఎక్కుతా. పోయి చూసుకో."

విష్ణువర్ధన్ అనంతపురం కాలేజీలో నా జతగాడు. పాతికేళ్లు ఎక్కడెక్కడో విమానాలు నడిపి, సోమందేపల్లె పక్కన తన ఊరికి వచ్చేశాడు. నాలుగేళ్లు వరుసగా వేరుశనగ ఎండిపోతే, ఆ చేను చదును చేసి, ఇద్దరు పట్టే చిన్న విమానం తెచ్చి దింపాడు. నేను కనపడితే చాలు, తోటి పైలట్ వచ్చినాడప్పా అని నవ్వుతాడు.

ఆ సాయంత్రమే బయటి బూత్‌కు పోయి ఫోన్ చేశాను.

"ఎక్కుతా గానీ నువ్వు పైకి లేపొద్దు" అన్నాను. "చేను ఆ కొసన సరుగుడు తోపు ఉండాది కదా. దాని ఎనకాల అరగంట కూసోని తిరిగొద్దాం. మన నేలలో దుమ్ము లేస్తే పైకి పోయినామో తోపులోకి పోయినామో ఎవురికి తెలుస్తాది?"

"తర్వాత?"

"ఆడోళ్లు ఎక్కే వస్తువు కాదని చెప్తా. కాశీ గొడవ తీరిపోతాది."

"సరే బావా" అని నవ్వాడు. ఆ నవ్వును నేను అప్పుడే అనుమానించాల్సింది.

ఆదివారం పొద్దున చేను దగ్గరికి వనజాక్షి, హేమ, సగం ఊరు వచ్చారు. రన్‌వే మీద మేకలున్నాయో లేదో పైకి చెప్పడానికి కాపలాదారు ఎర్రన్న చేతిలో ఒక వైర్‌లెస్ సెట్టు ఉంది.

విమానాన్ని వేలితో తట్టి చూశాను. తలుపు ప్లాస్టిక్ డబ్బా మూతలా ఉంది. విష్ణువర్ధన్ ఒక్కడే దాని తోక పట్టుకుని పక్కకు తిప్పి నిలబెట్టాడు. నా ఇంజన్ బరువు నూట ఇరవై టన్నులు. మనిషి ఒక చేత్తో లాగే వస్తువులో కూర్చోవడం నాకు అదే మొదలు.

చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, నడుముకు బెల్టు బిగించాడు. బండి దుమ్ము లేపుకుంటూ కదిలింది. అంతా అనుకున్నట్టే జరుగుతోంది. తోపు దగ్గర పడింది.

"ఈడ తిప్పు" అన్నాను. తిప్పలేదు.

"విష్ణూ, తోపు" అన్నాను. తోపు కిందికి పోయింది.

చెట్లు ఎందుకు కిందికి పోతున్నాయో నాకు కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక అరవడానికి ఊపిరి లేదు. ముందు పట్టాల్లేవు. సిగ్నల్ లేదు. వెనక గార్డు లేడు. తలుపు అవతల ఏమీ లేదు.

ఇంతలో కింది నుంచి ఎవరో తన్నినట్టు ఎగిరిపడ్డాం. "నేల ఎండకు కాగింది కదా, వేడిగాలి లేస్తాంది" అన్నాడు విష్ణువర్ధన్, కాఫీ చల్లారిందన్నంత తీరుబడిగా. మరుక్షణం సీటు కిందికి పోయింది, నేను మాత్రం పైనే ఉన్నాను. పెనుకొండ కొండ నా పక్కకు వచ్చి నిలబడింది. దూరంగా పట్టాల మీద ఒక గూడ్సు బండి మెల్లగా పోతోంది. దాని డ్రైవరు ఎంత అదృష్టవంతుడో అనుకుంటే నిజంగానే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఇక్కడ మా పనిలో సంగతి ఒకటి చెప్పాలి. మా ఇంజన్‌లో ఒక బటన్ ఉంటుంది. నిమిషానికోసారి దాన్ని నొక్కాలి. నొక్కకపోతే డ్రైవరుకు ఏదో అయిందని బండి తనంతట తానే ఆగిపోతుంది. ఇంట్లో పేపరు చదువుతున్నా నా బొటనవేలు నిమిషానికోసారి కుర్చీ చేతిని నొక్కుతూనే ఉంటుంది.

నా ముందున్న కడ్డీ మీద ఎర్ర బటన్ కనపడింది. ఆకాశంలో బండి ఆగిపోతే ఏం గతి? నొక్కాను. ఆగలేదు. నిమిషం తర్వాత మళ్లీ నొక్కాను. ఆగలేదు. నా వల్లే ఎగురుతోందని నమ్మకం కుదిరింది. విష్ణువర్ధన్ నా వేలు చూసి ఏదో చెప్పబోయి, మూతి బిగించి అటు తిరిగాడు.

తర్వాత విమానం ఒక పక్కకు ఒరిగింది. నా తలుపు వైపున భూమి మొత్తం నిటారుగా లేచింది. నిమిషాల లెక్క మరిచిపోయి బటన్‌ను అదిమి పట్టుకుని మొక్కడం మొదలుపెట్టాను.

"సామీ, కసాపురం ఆంజనేయసామీ, ప్రాణాలతో దించు నాయనా. గుండు కొట్టించుకుంటా. డాక్టరు ఏం చెప్పలేదు సామీ, నేనే అబద్ధం చెప్పినా. వనజాక్షి చెవులు బాగానే ఉండాయి, నా గుండెకాయే బాగలేదు. ఇరవై నాలుగేండ్లలో అది ఒక్కటే అడిగింది. దించితే దాన్ని విమానంలోనే కాశీకి తీస్కపోతా, పక్కన నేనూ కూసుంటా. హేమకు చీటీ హేమ అని పేరు పెట్టింది గూడా నేనే. తప్పయిపాయె."

దించాడు. స్వామి కాదు, విష్ణువర్ధన్.

కాళ్లు నేల మీద ఆనగానే మీసం సర్దుకున్నాను. జనం దగ్గరికి నింపాదిగా నడిచాను.

"ఏముండాది, గాలిలో బండి తోలినట్లే" అన్నాను. "ఆడోళ్లకైతే మాత్రం పనికిరాదు."

హేమ బ్యాగుకున్న చీటీని చేత్తో మూసుకుని నన్ను చూస్తోంది. చేనులో కూలికి వచ్చే సుంకమ్మ చెంబుతో నీళ్లిచ్చింది.

"అన్నా, గుండుకు కసాపురం ఎప్పుడు పోతాండారు? మేమూ వస్తాం" అంది.

తాగబోయిన చెంబు దించాను. ఎర్రన్న సెట్టు పైకెత్తి చూపించాడు.

"ఆ బటన్ నొక్కితే పైన మాట్లాడేది దీంట్లో వినపడతాదన్నా. మొదట్లో ముక్కలు ముక్కలుగా వచ్చింది. చివర్లో చానా బాగా వచ్చింది."

విష్ణువర్ధన్ మీదికి తిరిగాను. "లేపొద్దని చెప్పినా కదా."

"చెల్లెమ్మ నీకంటే ముందే ఫోన్ చేసింది బావా. నువ్వేం చెప్పినా లేపమనింది."

వనజాక్షి అప్పుడు నోరు విప్పింది. "డాక్టరును పోయిన నెలే అడిగినా. నేనేం చెప్పలేదమ్మా అన్నాడు."

"మరి నన్నెందుకు అడగలేదే?"

"అడిగితే ఇంకొక అబద్ధం చెప్తావు. నీ అబద్ధాలన్నీ నేనే గుర్తుపెట్టుకోవల్ల." దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "భయమని చెప్తే నేను నవ్వుతానా? చెయ్యి పట్టుకోని కూసుంటా గదా."

మీదికొచ్చిన కొండను చూసి కూడా దించని తలను ఆ మాటకు దించుకున్నాను.

ఆమె చీర కొంగు దోపుకుని, నేను దిగిన సీట్లో కూర్చుని పైకి పోయింది. పది నిమిషాలకు సెట్టులో గొంతు వినపడింది.

"ఏమయ్యా, ఈడ్నుంచి నువ్వు చానా చిన్నగా కనపడతాండావు."

మొక్కును దేవుడొక్కడే వింటే ఏదో సర్దుకునేవాణ్ణి. సగం ఊరు విన్నది. నెల తిరక్కుండా గుండుతో బెంగుళూరులో విమానమెక్కాను. కళ్లు మూసుకున్నా, తల పైన బటన్ ఉన్న సంగతి వేలు కనిపెట్టేసింది. విమానంలో పనిచేసే అమ్మాయి నాలుగుసార్లు వచ్చి, ఏం కావాలి సార్ అని అడిగి పోయింది.

అయిదోసారి వనజాక్షి నా బొటనవేలిని గుప్పిట్లో పట్టుకుంది.

"ఆ పిల్లను పిలవొద్దు. నా చెయ్యి నొక్కు" అంది.

కాశీ విమానం మారడానికి ఢిల్లీలో దిగేదాకా నిమిషానికోసారి నొక్కుతూనే ఉన్నాను. విమానం మధ్యలో ఎక్కడా ఆగలేదు.