ఫ్రిజ్ మీద నా మెదడు

ఇంటికొక మైగ్రేన్ మనిషి ఉండి తీరాలన్నది నా ప్రతిపాదన. నవ్వకండి, మరీ నవ్వితే మీకూ తల పట్టుకుంటుంది!

మా ఇంట్లో ఆ పదవి నాది. నా పుణ్యమా అని ఇంటిల్లిపాదీ వైద్యులైపోయారు. కూరలో ఉప్పు సరిపోయిందో లేదో కూడా చెప్పని మావారు నా తల గురించి మాత్రం గంటసేపు ఉపన్యసిస్తారు. అత్తగారి లెక్కలో నేను నీళ్లు తక్కువ తాగుతాను. ఆడపడుచు లెక్కలో ఫోన్ ఎక్కువ చూస్తాను. "టెన్షన్ తగ్గించుకోమని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అని ఆఫీసులో మా మేనేజరు అందరి ముందూ కేకలేశాడు. పైసా ఖర్చు లేకుండా ఇంతమందిని పండితుల్ని చేసే జబ్బు ఇంకోటుందా?

పైగా దీనికి వాపు లేదు, దద్దురు లేదు, కట్టు లేదు. నెలలో సగం రోజులు కణతలో మేకు దిగుతున్నా, చూసేవాళ్లకి నిక్షేపంలా కనిపిస్తాను. "చుట్టాలొస్తున్నారంటే చాలు, ఈవిడకి తలనొప్పి" అని వంటింట్లో అనుకునే మాటలు గోడ ఇవతలికి చక్కగా వినిపిస్తాయి. మైగ్రేన్‌లో చెవులు మరీ బాగా పనిచేస్తాయి మరి!

అలాంటి నన్ను ఒక పరిశోధన వాళ్లు పిలిచారు. "పని చేసేటప్పుడు మెదడులోనూ చెత్త తయారవుతుందమ్మా. నిద్రలో దాన్ని కడిగేసుకుంటుందని మా అంచనా. మైగ్రేన్ ఉన్నవాళ్లలో ఆ కడగడం మందగిస్తుందేమోనని స్కాన్ తీసి చూస్తున్నాం. ఇంకా ఏదీ తేలలేదు" అంది డాక్టరమ్మ. తలనొప్పి లేని రోజు చూసుకుని రమ్మంది. వాళ్లిచ్చిన తేదీకల్లా సరిగ్గా తల పట్టుకునేది కాబట్టి, ఆ శుభముహూర్తం కోసం వాళ్లూ నేనూ నెలల తరబడి ఎదురుచూశాం. తీరా వెళ్లి గొట్టంలో పడుకుంటే చెవి పక్కనే రోడ్డు తవ్వుతున్నంత చప్పుడు! తలనొప్పి లేకుండా లోపలికి వెళ్లి, తలనొప్పితో బయటికొచ్చాను. సైన్సు కోసం ఆ మాత్రం చేయకపోతే ఎలా?

వస్తూ వస్తూ ఒక రంగుల ఫొటో అడిగి తెచ్చుకున్నాను. మావారు దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించి, గరిటెతో చూపిస్తూ, "ఇదిగో అమ్మా, ఇక్కడ నీలంగా ఉందే, మురుగు ఇక్కడే ఆగింది" అని వాళ్లమ్మకి పాఠం చెప్పారు.

"బుర్రలో చెత్త ఉందని నేను మొదట్నుంచీ అనుకుంటూనే ఉన్నా" అన్నారు అత్తగారు. అంటూనే వెళ్లి టీవీ కట్టేశారు. ఆ టీవీ నా కోసం ఆగడం అదే మొదటిసారి. గదిలోకెళ్లి హాయిగా ఏడ్చాను.

ఆఫీసులో మేనేజరు నా ఫోన్‌లో ఆ ఫొటోని పెద్దది చేసి చూశాడు. "ఇంతుందా? ముందే చెప్పొచ్చుగా అమ్మా" అని నా సీటు మీది ట్యూబ్‌లైటు తీయించాడు.

అంతలో స్కాన్ సెంటరు నుంచి ఫోనొచ్చింది. "పొరపాటైంది మేడం. మీకిచ్చింది మీ ఫొటో కాదు, పోల్చి చూడటానికి తీసిన ఇంకొకాయనది. ఆయనకి తలనొప్పంటే ఏమిటో తెలీదట."

"మరి నాది ఎలా ఉంటుంది?"

"చూడ్డానికి ఇంచుమించు ఇలాగే ఉంటుందండి. తేడా ఏదైనా ఉంటే చాలామందివి కలిపి లెక్కలు కడితేనే తెలుస్తుంది. అది ఇచ్చేసి మీది తీసుకెళ్లండి."

అలాగేనన్నాను. ఇంకా వెళ్లలేదు. కాబట్టి మైగ్రేన్ ఉన్న పాఠకులారా, మందుల సంగతి తర్వాత, ముందు ఎవరిదైనా ఆరోగ్యవంతుడి తల ఫొటో సంపాదించుకోండి.

నిన్న మళ్లీ తల పట్టుకుంది. మావారు కర్టెన్లు మూసి, తడిగుడ్డ నుదుటి మీద వేసి, చప్పుడు కాకుండా చెప్పులు చేత్తో పట్టుకుని నడిచారు.

"పాపం, ఆ ఫొటో చూసేదాకా నీకింత నొప్పని నాకేం తెలుసు?" అన్నారు.

"నేను చెప్పానుగా" అన్నాను.

"నువ్వు చెప్పావులే" అంటూ తలుపు మెల్లగా దగ్గరకి వేశారు.