అడ్జస్ట్ అయ్యే పిచ్చమ్మ

ఇంగ్లీషువాడు మనకు వదిలిపోయిన వాటిలో రైలు కన్నా, టీ కన్నా గొప్పది ‘అడ్జస్ట్’ అనే మాట! నమ్మరా? అయితే పొదిలి శివారులో ఉండే పిచ్చమ్మను అడగండి.

ముగ్గురు కూర్చునే బస్సు సీట్లోకి ఐదో మనిషి వస్తే అడ్జస్ట్ అంటే జరగడం. జాకెట్టు బిగుతుగా కుట్టిన టైలరు నోట అదే మాటకు ఊపిరి తగ్గించుకోవడమని అర్థం. పెళ్లి పంక్తిలో కూర అయిపోతే మజ్జిగ పోసుకోవడం. కూలికి పిలిచి రేపు రమ్మంటే పస్తుండటం. ఒక్క మాటలో ఇంత సంసారముందా! పిచ్చమ్మ బడి మొహం చూడలేదు గానీ ఈ అర్థాలన్నీ ఆమెకు కొట్టిన పిండి.

నీళ్ల ట్యాంకరు వచ్చే రోజు ఆమె ఉండే వీధిలో తెల్లవారకముందే బిందెలు వరస కడతాయి. మనిషి నిలబడక్కర్లేదు, బిందె ఉంటే మనిషి ఉన్నట్టే. పిచ్చమ్మ డ్రమ్ము ఎప్పుడూ అందరికన్నా ముందుంటుంది. తీరా నీళ్లు పట్టే వేళకు చిట్టచివర ఉంటుంది!

“ఇంటికి చుట్టాలొచ్చినారు, అడ్జస్ట్ కా పిన్నీ” అంటుంది జైనాబీ.

“డ్యూటీకి పోవాల, అడ్జస్ట్ కా అత్తా” అంటాడు ఓబులేసు.

పిచ్చమ్మ నవ్వుతూ డ్రమ్ము జరుపుతుంది. ఆమె వంతుకు ట్యాంకరు అడుగున మడ్డినీళ్లు మిగులుతాయి.

ఆ రోజు మాత్రం ఆమెకు నవ్వు రాలేదు. ఇంట్లో కూతురు బ్లెస్సీ పచ్చి బాలింత. ఆ పూటే తలకు నీళ్లు పోయాలి. చూస్తే ఇంట్లో చెంబెడు నీళ్లు లేవు. మడ్డినీళ్లు పోస్తే పసిగుడ్డుకూ తల్లికీ ఏమవుతుందోనని పాపం ఆమె ప్రాణం కొట్టుకుంటోంది.

ట్యాంకరు ఆగింది. ముందున్న పిచ్చమ్మ డ్రమ్మును వెనక్కి జరపడానికి ఓబులేసు అలవాటుగా దాని మీద చెయ్యి వేశాడు. పిచ్చమ్మ ఆ చెయ్యి తోసేసి, పైపు గుంజి తన డ్రమ్ములో పెట్టుకుంది.

“ఇంట్లో బాలింత ఉంది నాయనా. ఈ పొద్దుకు మీరే అడ్జస్ట్ కాండి!”

వీధి భగ్గుమంది.

“ఏందత్తా ఈ దౌర్జన్యం? వరసా గిరసా లేదా?” అన్నాడు ఓబులేసు.

“పెద్దదానివి, ఇట్ల మాట్లాడొచ్చునా పిన్నీ?” అని జైనాబీ ముక్కున వేలేసుకుంది.

వరసలో ముందున్నది ఆమె డ్రమ్మేనని ఒక్కరికీ తోచలేదు. డ్రమ్ము నిండింది, పిచ్చమ్మ చల్లగా ఇంటికి పోయింది. ఆమెకు పొగరెక్కిందని వీధి వీధంతా సాయంత్రం దాకా చెప్పుకుంది.

పాపం, వాళ్లను తిట్టకండి! ఆ మాట అనడమే తప్ప, అనిపించుకోవడం వాళ్లకు అదే మొదలు.