కాలవ పట్టుకుని నేరుగా

మణికుమార్ పటమటలో సొంతింట్లో చేరి పదకొండు రోజులైంది. గోడల రంగు వాసనింకా పోలేదు. ఇంతలోనే బదిలీల జాబితాలో అతన్ని శ్రీకాకుళం వేశారని ఆఫీసులో గుప్పుమంది. దాని మీద సంతకం పెట్టాల్సిన పెద్ద మేనేజరు బసవపున్నయ్యగారు ఆదివారం భార్యతో సహా బెజవాడ చూడ్డానికి వస్తున్నారని తెలియగానే, పంపుసెట్లమ్ముకునే మణికుమార్‌కి ప్రాణం లేచొచ్చింది.

పొద్దున్నే కొండ మీద అమ్మవారి దర్శనం, వన్ టౌన్‌లో నేతి ఇడ్లీ, బ్యారేజీ దగ్గర కాలవలు మొదలయ్యే చోటు, మధ్యాహ్నం ఇంట్లో గోంగూర రొయ్యలు. రొయ్యలు నోట్లో ఉండగానే బదిలీ సంగతి కదపాలని అతని ఎత్తు.

ఇడ్లీ దాకా అంతా సవ్యంగానే జరిగింది. బ్యారేజీ మీద మేనేజరు గారి భార్య మాణిక్యంగారు ఫొటోలకి నిలబడ్డారో లేదో, ఇంటి నుంచి భార్య పద్మశ్రీ ఫోన్ చేసింది.

"ఏమండీ, పెరుగు పులిసిపోయింది. వాళ్ళకంటే ముందొచ్చి మంచి పెరుగు తెండి."

మణికుమార్ స్కూటర్ తీస్తూ మేనేజరు గారికి దారి చెప్పాడు.

"మీరు తీరిగ్గా రండి సార్. ఇదిగో, ఈ బందరు కాలవ పట్టుకుని నేరుగా వచ్చేయడమే. ఎక్కడా తిరగక్కర్లేదు. నేను గట్టు మీదే నించుంటాను."

బెజవాడ వాళ్ళకి బందరు రోడ్డన్నా, బందరు కాలవన్నా ఊళ్ళో సంగతే. అవి నిజంగానే డెబ్భై కిలోమీటర్ల అవతల బందరు దాకా పోతాయన్నది ఎవరికీ గుర్తుండదు. బసవపున్నయ్యగారికి పేరొక్కటే ఈ ప్రాంతంది, పెరిగింది నాగపూర్‌లో. డ్రైవర్ జాన్సన్‌ది సికింద్రాబాద్. మ్యాప్ మాట వింటే కారు కాలవలో దిగుతుందని అతని గట్టి నమ్మకం.

పెరుగు కొట్టు దగ్గర ఆదివారం రద్దీ. మణికుమార్ వరసలో నిలబడి ఉండగానే కారు పటమట దాటిపోయింది. అతను చక్కగా గట్టెక్కి, పెరుగు డబ్బా పట్టుకుని, వచ్చిన ప్రతి తెల్ల కారుకీ చెయ్యూపడం మొదలుపెట్టాడు. ముప్పావుగంటకి ఫోన్ మోగింది.

"మణీ, ఎక్కడయ్యా? ఎటు చూసినా చెరకు బళ్ళే!"

అవి బందరు దారిలో ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీకి పోయే చెరకు ట్రాక్టర్లు. మణికుమార్‌కి మాత్రం సెంటర్లో చెరకు రసం బళ్ళు కళ్ళకి కట్టాయి.

"వచ్చేశారు సార్! వాటిని దాటి నేరుగా రండి!"

మరో ముప్పావుగంట గడిచింది. నెత్తి మాడిపోతోంది. పై అధికారిని మాటిమాటికీ ఎక్కడున్నారని అడగాలంటే భయం. పద్మశ్రీకి ఆ భయం లేదు, ఇది ఆమె చేసిన ఐదో ఫోన్.

"రొయ్యలు రబ్బరు ముక్కలైపోయాయండీ!"

"నా ఉద్యోగం గట్టు మీద వేలాడుతుంటే నీ రొయ్యల గోలేంటే!"

అంతలో మళ్ళీ మేనేజరుగారు.

"వరసగా బందరు లడ్డు బోర్డులు కనిపిస్తున్నాయయ్యా."

బెజవాడలో ఆ బోర్డు లేని సందు ఏది! "ఇంకొక్క నిమిషం సార్, నేరుగా!" అని మణికుమార్ ఉత్సాహంగా అరిచాడు.

ఇరవై నిమిషాల తర్వాత మేనేజరుగారి మూడో ఫోన్.

"కాలవ అయిపోయిందయ్యా. ఇప్పుడు సముద్రం వచ్చింది. మీ ఇల్లు దీనికి ఇవతలా, అవతలా?"

మణికుమార్‌కి విషయం అర్థమైంది. కొంప మునిగిందనుకున్నాడు. ఏదో చెప్పబోయేలోగా లైను తెగిపోయింది.

సాయంత్రం అయిదున్నరకి కారు గుమ్మం ముందు ఆగింది. శ్రీకాకుళంలో అద్దె ఇళ్ళ గురించి ఆలోచిస్తూ మణికుమార్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మాణిక్యంగారి చీర అంచుకి ఇసుక. జాన్సన్ రెండు చేతులా లడ్డు డబ్బాలు. బసవపున్నయ్యగారు దిగీ దిగగానే అతన్ని కావలించుకున్నారు.

"భోజనానికని పిలిచి సముద్రానికి పంపిస్తావా! ఆ చేపల వేపుడు జన్మలో మర్చిపోను. ఇదంతా నీ ప్లానే కదూ?"

నిజం గొంతు దాకా వచ్చింది. మణికుమార్ దాన్ని మింగేశాడు.

"అంతా మీకోసమే సార్."

ఆయన జేబులోంచి కాగితం తీసి శ్రీకాకుళం ఎదురుగా ఉన్న అతని పేరు కొట్టేశారు. తలుపు వెనక పద్మశ్రీ కళ్ళొత్తుకుంది. మణికుమార్‌కి శ్రీకాకుళం బెడద వదిలింది.

"దారి పొడుగునా చూశానయ్యా," అన్నారాయన లడ్డు కొరుకుతూ. "అన్ని పొలాలు, అన్ని చెరువులు, మన పంపుసెట్టు ఒక్కటీ లేదు! బందరులో బ్రాంచి తెరుస్తున్నాం. ఆ ఊరంటే ఇంత అభిమానం నీకు తప్ప ఎవరికుంది? ఒకటో తారీఖుకల్లా సంసారంతో సహా అక్కడికి మారిపో."

కారు సందు మలుపు తిరిగేదాకా ఇద్దరూ చేతులూపారు. పద్మశ్రీ కొత్త గోడకేసి చూసి, మొగుడికేసి చూసింది.

"ఇంతకీ మనమిప్పుడు ఎలా పోవాలండీ?"

"కాలవ పట్టుకుని నేరుగా," అన్నాడు మణికుమార్.