వడియాల కేసులో పదకొండు నకళ్లు

ఆ సోమవారం పొద్దున మీనాక్షమ్మ బాల్కనీలో వడియాలు పెడదామనుకుంది. పిండి ఉడుకుతుండగా భర్త దత్తాత్రేయగారు తలుపుకు అంటించిన కాగితం పీకి తెచ్చారు. బాల్కనీలో ఏదీ ఆరబెట్టరాదని అపార్ట్‌మెంట్ ఆఫీసు నోటీసు. కూతురు విజయశ్రీ ఉద్యోగానికి వెళ్లాక అమెరికాలోని ఆ ఇర్వింగ్ ఊళ్లో మీనాక్షమ్మకు తోడు ఆ బాల్కనీ ఒక్కటే. ఆయనకు కడుపు మండింది.

నరసరావుపేట మున్సిఫ్ కోర్టులో ఆయన ముప్పయ్యేళ్లు హెడ్ గుమస్తా. పిటిషన్లకు కొర్రీలు వేసి తిప్పిపంపడంలో అందెవేసిన చెయ్యి. అలాంటి మనిషి కింది మెట్టు ఎక్కుతారా? ఏకంగా అమెరికా ఖండాల దేశాలన్నిటికీ కలిపి కోస్టారికాలో ఉన్న మానవ హక్కుల కోర్టుకే పిటిషన్ టైపు కొట్టారు. పాత అలవాటు కొద్దీ మేయరు మొదలు అపార్ట్‌మెంట్ యజమాని దాకా పదకొండు మందికి నకళ్లు పంపారు.

మేయరు ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరు టేపుతో దిగాడు. బాల్కనీ కొలిచి, కటకటాలు వదులుగా ఉన్నాయని యజమానికి తాఖీదు ఇచ్చాడు. యజమానికి ఒళ్లు మండి, లీజు ఇక పొడిగించేది లేదని లాయరు చేత రాయించాడు.

"నాన్నా, ఇప్పుడు నేను వేరే అపార్ట్‌మెంట్ వెతుక్కోవాలి," అంది విజయశ్రీ. గొంతు పెంచలేదు. అందుకే ఆయనకు మరీ బాధేసింది.

నోటీసు అంటించిన నెల్లాళ్లకు కోర్టు జవాబూ వచ్చింది. అమెరికా తమ అధికార పరిధిని ఒప్పుకోలేదట. ఒప్పుకున్నా వ్యక్తులు నేరుగా రాకూడదు, వాషింగ్టన్‌లోని కమిషన్ ద్వారా రావాలి. కమిషన్‌కు వెళ్లేముందైనా స్థానికంగా ఉన్న దారులన్నీ ప్రయత్నించి ఉండాలి. చివర ఒక ప్రశ్న: అపార్ట్‌మెంట్ మేనేజరును అడిగారా?

అడగలేదు. దత్తాత్రేయగారు ఉత్తరం రెండుసార్లు చదివారు.

"కొర్రీ అంటే ఇలా వేయాలి," అన్నారు, పరువు పోయిన బాధలోనూ మెచ్చుకోకుండా ఉండలేక.

ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మేనేజరు దగ్గరకు వెళ్లారు. ఆవిడ బల్ల మీద పళ్లెం నిండా వేయించిన వడియాలు! నోటీసు బట్టల కోసం పెట్టిందట. నోటీసు అంటించిన సోమవారమే మీనాక్షమ్మ వచ్చి, పళ్లేన్నీ ఎండనూ చూపించి సైగలతో అడిగితే, సరేనన్నదట. సంగతంతా విని ఆవిడే యజమానికి ఫోన్ చేసి, లీజు పొడిగించేలా ఒప్పించింది.

"నాకు చెప్పొద్దూ?" అన్నారాయన ఇంటికొచ్చి భార్యతో.

"మీరు అడిగితేగా. నెల్లాళ్లుగా పప్పులో నంజుకుంటున్నవి ఎక్కడ ఆరాయనుకున్నారు?"

దత్తాత్రేయగారు తన పిటిషన్ మీద ఎర్రసిరాతో "సరైన కోర్టులో దాఖలు చేయనందున వాపసు" అని రాసి, సంతకం పెట్టి, ఒక నకలు వంటింట్లో మీనాక్షమ్మకు ఇచ్చారు.