కుదరదుగారి కన్నీళ్లు

ఆ రోజు పొద్దున్న కుదరదుగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి డిపోకి వెళ్లడం, వచ్చిన సెలవు చీటీలన్నీ తిరగ్గొట్టడం, నాలుగింటికి కంటి డాక్టరుకు చూపించుకోవడం. మొదటి రెండూ పదకొండేళ్లుగా చేస్తున్నవే. మూడోది మాత్రం ఇప్పటికి మూడుసార్లు వాయిదా పడింది. ఆ మూడుసార్లూ తనకు తానే సెలవు ఇచ్చుకోలేదు.

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది. బస్సు డిపోలో డ్రైవర్ల సెలవులు చూసే కుర్చీలో కూర్చున్న మొదటి వారంలోనే అది కొట్టుకుపోయింది. ఎవరు ఏ కారణం చెప్పినా "కుదరదు" అనేవారు. కోపంగా కాదు, బయట వాన పడుతోందని చెప్పినట్టు చెప్పేవారు.

"ఈసారీ ఎగ్గొట్టారంటే నేనే డిపోకి వస్తాను," అంది భార్య, చక్కెర లేని టీ ముందు పెట్టి. "సుగరొచ్చి పదేళ్లయింది. రెండు నెలల నుంచి కళ్లు చూస్తే చింతనిప్పుల్లా ఉన్నాయి. నా మొహం ఎక్కడుందో వెతుక్కుని మరీ మాట్లాడుతున్నారు."

"రేపు పిల్లల ప్రవేశ పరీక్ష. నలభై రెండు బస్సులూ కదలాలి. ఒక్కటి ఆగినా యాభైమంది పిల్లలకి ఏడాది పోతుంది."

"బస్సులు కదుల్తాయి. ముందు మీరు కదలండి."

కళ్లలో ఇసుక పోసినట్టుందని ఆయన ఆవిడకు చెప్పలేదు. చూపే పోతోందేమోనన్న భయమూ చెప్పలేదు. పేపరు చదువుతున్నట్టు పేజీలు తిప్పారు. తలకిందులుగా పట్టుకోకపోవడం ఆ పూటకి అదృష్టం.

డిపోలో ఆయన బల్ల మీద రెండు రబ్బరు స్టాంపులు ఉండేవి. కుడివైపుది "తిరస్కరించడమైనది". ఎడమవైపుది "మంజూరు చేయడమైనది". రెండోదాని పిడికి కొత్త వార్నిషు వాసన కూడా పోలేదు. ఆ పొద్దున్న అటెండరమ్మకు బుద్ధి పుట్టి బల్లంతా తుడిచింది, స్టాంపులు రెండూ కడిగి ఆరబెట్టింది. ఆరాక అవి కవల పిల్లల్లా కనిపించాయి. ఏది ఎటు ఉండేదో గుర్తు రాక, చేతికొచ్చినట్టు సర్దేసింది.

మొదట పొడుగు డ్రైవరు వచ్చాడు. "సార్, రేపు మా బావమరిది ఇల్లు మారుతున్నాడండి. బీరువా మొయ్యడానికి ఇంకెవరూ లేరు."

కుదరదుగారు తల పైకెత్తారు. నెత్తిమీది ఫ్యాను గాలి కళ్లకు తగిలి భగ్గుమంది. రెండు చెంపల మీదా నీళ్లు జారాయి. ఎదురుగా ఉన్న చీటీ తెల్లటి మరకలా కనిపిస్తోంది.

"కుదరదు," అని, అలవాటు కొద్దీ కుడివైపు స్టాంపు తీసి ఠపీమని కొట్టారు.

డ్రైవరు చీటీ చూశాడు. మంజూరు. ముఖం చూశాడు. కన్నీళ్లు.

"బీరువా గురించే కదా సార్... మీరింతలా..."

"కుదరదన్నానా? వెళ్లు."

అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అర్థమైంది సార్. ఎవరికీ చెప్పను."

విశ్రాంతి గదిలో ఉన్న పదకొండు మందికి మాత్రమే చెప్పాడు.

"సెలవివ్వొద్దని పైవాళ్లు కట్టడి చేశార్రా. అందుకని పైకి కుదరదంటూ లోపల ఇచ్చేస్తున్నాడు. ఆ బాధకి కళ్లంట ధారలు కడుతున్నాయి. మీరు వెళితే ఎదురు మాట్లాడకండి. కుదరదనగానే దండం పెట్టి వచ్చెయ్యండి."

"ఆయనకి గుండె ఉందంటావా?" అన్నాడు లావు డ్రైవరు.

"ఇన్నాళ్లూ దాచుకున్నాడు."

గంటలో గుమ్మం దాకా వరస కట్టారు. ఒకడికి పెళ్లిచూపులు, ఒకడికి పన్నునొప్పి. ఒకడైతే "కారణం ఏం రాయాలో తోచలేదు సార్" అన్నాడు. కుదరదన్నారు. దండం పెట్టాడు. ఇంకొకడు ఉతికిన చేతిరుమాలు బల్ల మీద పెట్టి మాట్లాడకుండా వెళ్లిపోయాడు. లావు డ్రైవరు మనసు మరీ మెత్తన. ఆయన కళ్లు చూసి తనూ ఏడ్చేశాడు. ఇద్దరూ బల్లకి చెరోవైపు కళ్లు తుడుచుకున్నారు.

కాదంటే ఇంత గౌరవంగా పుచ్చుకునే జనాన్ని కుదరదుగారు పదకొండేళ్లలో చూడలేదు. పిల్లల పరీక్ష అనేసరికి అందరికీ బాధ్యత తెలిసొచ్చిందని లోలోపల మురిసిపోయారు.

మూడున్నరకు చార్టు రాసే గుమాస్తా వచ్చాడు.

"రేపటి చార్టు రాశానండి. నలభై రెండు బస్సులకి పదకొండు మంది డ్రైవర్లున్నారు."

"మిగతావాళ్లేమయ్యారయ్యా?"

"మీరే సెలవిచ్చారు కదండీ," అని ముప్పై ఒక్క చీటీల కట్ట ముందు పెట్టాడు.

కుదరదుగారు పైచీటీని ముక్కుకి ఆనించి చూశారు. మంజూరు. తర్వాతదీ మంజూరే. నాలుగోది చూశాక కట్ట పక్కకి తోసేశారు. పక్క డిపోకి ఫోన్ చేసి కాళ్లావేళ్లా పడ్డారు. ఎంతమందిని పంపగలమో చూస్తామన్నారు వాళ్లు. చూస్తామంటే ఏమిటో ఆయనకు తెలుసు. వేరే డిపోలవాళ్లు డ్రైవర్లని అడిగితే ఆయనా అలాగే చెప్పేవారు.

విశ్రాంతి గదికి పరుగెత్తి బల్ల ఎక్కారు. అక్కడ ఇంకా పెద్ద ఫ్యాను ఉంది.

"అయ్యా, పొరపాటైపోయింది. ఆ సెలవులు చెల్లవు. రేపు బస్సులు కదలకపోతే..." పక్కనే బస్సు స్టార్టయి గదంతా పొగ కమ్మింది. గొంతు పూడుకుపోయింది. కళ్లు మళ్లీ ఊరాయి.

"ఊరుకోండి సార్," అన్నాడు లావు డ్రైవరు, తన గొంతూ బొంగురు పోతుండగా.

"ఇది ఏడుపు కాదయ్యా! సుగరు!"

"సుగరుకి ఏడుస్తారా సార్ ఎక్కడైనా? మా అత్తగారికీ ఉంది. ఆవిడ ఎదుటివాళ్లని ఏడిపిస్తుందంతే."

అప్పుడే గుమ్మంలో ఆయన భార్య కనిపించింది. "నాలుగు కావస్తోంది. చేసింది చాల్లెండి, దిగండి," అని చేయి అందించింది. బల్ల దిగి, గుమ్మం మెట్టు కనిపించక ఆయన తడుముకుంటుంటే జబ్బ పట్టుకుని నడిపించింది. డ్రైవర్లు రెండుగా చీలి దారి ఇచ్చారు.

"అమ్మా, సారుకి ఏమీ కాదు కదా?" అడిగాడు పొడుగు డ్రైవరు.

"ఏమవుతుందో నాలుగింటికి తేలుతుంది," అందావిడ, నడక ఆపకుండా.

వాళ్లిద్దరూ గేటు దాటేదాకా అందరూ కిటికీలోంచి చూశారు.

"విచారణ," అన్నాడు చివరికి పొడుగు డ్రైవరు. "మనకి సెలవులిచ్చినందుకు."

కంటి డాక్టరమ్మ దీపం వేసి చాలాసేపు చూసింది. "కళ్లు ఎండిపోయాయండి," అంది.

"ఎండిపోవడమా? మరి ఈ కాలువలేంటమ్మా?"

"సుగరు వల్ల కంటికి రోజూ ఊరాల్సిన తడి తగ్గిపోయింది. కన్ను ఎండి మండుతుంటే, ఆ మంటకి ఒక్కసారిగా నీళ్లు తన్నుకొస్తాయి. అవి కారిపోయేవే తప్ప కన్నుని తడిపేవి కావు. ఇవి కంటి చుక్కలు, రోజుకి నాలుగుసార్లు వేసుకోండి. సుగరు అదుపులో పెట్టండి. ఫ్యాను కింద కూర్చోకండి. రెప్పలు ఆర్పడం మరిచిపోకండి."

"చూపు పోదు కదా?"

"కంటి వెనక పొర బాగానే ఉంది. ఇప్పటికి భయం లేదు. ఏడాదికోసారి మాత్రం వచ్చి చూపించుకోవాలి."

అప్పటిదాకా కుర్చీ అంచున కూర్చున్న భార్య వెనక్కి జారగిలబడింది. చేతిలో నలిగిపోయిన ఆయన సుగరు రిపోర్టుని ఒళ్లో పెట్టుకుని, అరచేత్తో మెల్లగా సాపు చేసింది. ఆమెకూ అదే భయం ఉండేదని ఆయనకు అప్పుడు తెలిసింది.

మర్నాడు తెల్లవారుజామున ఐదింటికి, పిల్లల తల్లిదండ్రులకు ఏం చెప్పాలో మనసులో కూడబలుక్కుంటూ కుదరదుగారు డిపో గేటు దగ్గరికి వచ్చారు. లోపల నలభై రెండు ఇంజన్లూ మోగుతున్నాయి.

ముప్పై ఒక్క మందీ సాయంత్రమే గుమాస్తా దగ్గరికి వెళ్లి తమ చీటీలు తామే చింపేశారట. పక్క డిపో కూడా చూస్తామన్న మాట నిలబెట్టుకుని ఇరవై మందిని పంపింది. దాంతో ఇరవై బస్సుల్లో ఒకరు నడుపుతుంటే ఇంకొకరు వెనక కూర్చుని ఎలా నడపాలో చెబుతున్నారు.

"బీరువా ఏమైందయ్యా?" అడిగారు కుదరదుగారు.

"కుదరదని చెప్పేశాను సార్, మా బావమరిదికి," అన్నాడు పొడుగు డ్రైవరు.

బస్సులు ఒక్కొక్కటే గేటు దాటాయి. అప్పటికి రెండుసార్లు చుక్కలు పడ్డాయి. రెండు నెలల తర్వాత మొదటిసారి బోర్డుల మీది అంకెలు అలుక్కుపోకుండా కనిపించాయి. నలభై రెండోది వెళ్లేదాకా అక్కడే నిలబడి, ఒక్కో నంబరూ పైకి చదువుకున్నారు.

మధ్యాహ్నం ట్రిప్పు ముగించుకుని లావు డ్రైవరు వచ్చేసరికి ఆయన కుర్చీ ఫ్యానుకి దూరంగా జరిగింది. వచ్చే వారం ఒక రోజు సెలవు కావాలన్నాడు లావు డ్రైవరు. కుదరదుగారు చీటీ మొత్తం చదివారు, స్టాంపు తిప్పి దాని మీది అక్షరాలూ చదివారు. "కుదరదు," అని కొట్టారు. తిరస్కరించడమైనది. కళ్లలో చుక్క తడి లేదు.

లావు డ్రైవరు చీటీ చూశాడు, ముఖం చూశాడు. విశ్రాంతి గదికి వచ్చి బెంచీ మీద కూలబడ్డాడు.

"ఏమైందిరా?" అన్నారందరూ.

"నిన్న విచారణలో ఏం హింస పెట్టారో ఏమో," అన్నాడు. "ఏడ్చి ఏడ్చి ఆయన కళ్లలో నీళ్లు ఇంకిపోయాయి."