బిరడా పీకిందెవరు?

తొట్టి ఖాళీగా ఉంది.

సత్రం నడిపే మిసావో స్నానాలగది గడపలోనే కొయ్యబారిపోయింది. మధ్యాహ్నం పన్నెండింటి నుంచి కట్టెలు ఎగదోసి, కళ్ళు మండించుకుని కాచిన నీళ్ళు. మనిషి మెడదాకా మునిగే దేవదారు తొట్టిలో ఇప్పుడు మిగిలినవి సువాసన కోసం వేసి, అడుగున దొర్లిపడ్డ ఆరు యుజు నిమ్మకాయలు మాత్రమే. బిరడా గొలుసుకి వేలాడుతూ తాపీగా ఊగుతోంది.

తొట్టి పక్కన రోసియో నిలబడి ఉంది. పెరూ నుంచి వచ్చిన అతిథి. నడుం సగానికి వంచింది.

"క్షమించండి అమ్మగారూ. మీ అందరికీ పెద్ద ఇబ్బంది వచ్చిపడింది."

ఇంకేం కావాలి? నేరం ఒప్పేసుకున్నట్టే. గోడమీద అట్టకి రాసి అంటించిన పన్నెండు నియమాల్లో నాలుగోది ఎర్రసిరాతో మెరుస్తోంది: "ఒళ్ళు బయటే తోముకుని తొట్టిలో దిగవలెను. నీరు అందరిదీ. బిరడా ముట్టరాదు."

ఆ నియమాలు రాసిన కురోదా మాస్టారు సరిగ్గా ఆ క్షణంలో ముందుగదిలో కూర్చుని ఉన్నారు.

పొద్దున మిసావో వేసుకున్న పథకంలో ఎక్కడా లొసుగు లేదు. పట్టణంలో విదేశీ అతిథుల ఆహ్వాన సంఘానికి కురోదా మాస్టారు అధ్యక్షులు. ఆయన మూడింటికి వస్తారు. పెద్దమనిషి కాబట్టి మొదటి స్నానం ఆయనది. తర్వాత రోసియో. ఆరింటికి ఆమెతో కొండలు చూడ్డానికి వచ్చిన బృందం ఎనిమిది మంది నడిచి కనుమ దాటి దిగుతారు. రోసియో మడమ బెణికి ముందురోజే బస్సులో వచ్చేసింది. అందరూ వేడి నీళ్ళలో మునిగి, తిని, నవ్వుతూ పడుకుంటారు. మాస్టారు తన జాబితాలో సత్రం పేరెక్కించి ఎర్రముద్ర వేస్తారు. పోయిన ఏడాది మొత్తం వచ్చిన అతిథులు పదకొండు మంది. ముద్ర పడకపోతే కొత్త సంవత్సరానికి సత్రానికి తాళమే.

ఇంత పెద్ద తొట్టికి మళ్ళీ నీళ్ళు కాగాలంటే మూడు గంటలు పడుతుంది. బయట వాన మొదలైంది.

మిసావో వంటింట్లోకి పరుగెత్తింది. ఆమె భర్త కెంజో ముల్లంగి ఊరగాయ ముక్కలు కోస్తున్నాడు.

"ఏవండీ, కొంప మునిగింది. ఆ పిల్ల బిరడా పీకేసింది!"

కెంజో కత్తి ఆగింది. "ఎంతసేపయింది లోపలికెళ్ళి?"

"ఐదు నిమిషాలు కూడా కాలేదు."

"ఆ తొట్టి ఖాళీ అవ్వాలంటే అరగంట పడుతుందే!"

"అంటే?"

కెంజో ముందుగది వైపు చూశాడు. రోసియోకి ముందు స్నానం చేసింది ఒక్కరే. ఆయన నలభై ఏళ్ళు హెడ్మాస్టరు. కెంజోకి ఎక్కాలు నేర్పిందీ, గోడకుర్చీ వేయించిందీ ఆయనే.

"అంటే... నేనే పీకాను."

"మీరా! పొద్దుట్నుంచీ వంటింట్లోంచి కదిల్తే కదా!"

"కదల్లేదని నువ్వేమైనా కాపలా కాశావా? నేనే పీకానంటున్నాగా. తేలిపోయింది. వెళ్ళి నీళ్ళ సంగతి చూడు."

భర్తకి మతి పోయిందని మిసావోకి రూఢి అయింది. గొడుగు అందుకుని పక్కింటి తోకి పిన్ని దగ్గరికి ఉరికింది.

"పిన్నీ, ఇవాళ మీ తొట్టి వేడిచేశారా? ఇద్దరు అతిథుల్ని పంపుతాను. మావల్ల తప్పు జరిగింది."

"ఏం తప్పు? ఎవరు చేశారు?"

"విదేశీ పిల్ల పాపం, తెలియక..."

"అయ్యో, తిట్టారా ఏంటి దాన్ని?"

"తిట్టలేదు పిన్నీ, అదే వంగి వంగి దణ్ణాలు పెడుతోంది."

అంతే. తోకి పిన్ని నాలుక వాగు కన్నా వేగంగా పారుతుంది. పావుగంటలో వార్త ఊరి చివరి ఇంటిదాకా చేరింది. రెండో ఇంటి దగ్గర ఆ పిల్ల ఏడుస్తోంది. నాలుగో ఇంటి దగ్గర సామాను సర్దుకుంటోంది. ఆఖరి ఇంటికి చేరేసరికి, మన ఊరి మర్యాద మంటగలిసిందని పెరూ దేశానికి ఉత్తరం రాస్తోంది.

ఊరు కదిలింది. అతిథుల స్నానాలకని ఎనిమిది ఇళ్ళ పొగగొట్టాల్లోంచి ఒకేసారి పొగ లేచింది. పండిన పెర్సిమన్ పళ్ళు పట్టుకుని ఇంటికొకరు చొప్పున సత్రానికి బయల్దేరారు, క్షమాపణ చెప్పుకోవడానికి.

"మనసులో పెట్టుకోకు తల్లీ. మా తొట్లే అంత, పెంకివి."

"లేదండీ, మీరే క్షమించాలి" అని రోసియో వంగింది. వాళ్ళు ఇంకాస్త వంగారు. ఆమె ఇంకాస్త. వంగడంలో ఎవరూ తగ్గలేదు.

ఇంతలో తడిసిన గడ్డంతో వడ్రంగి మొహేయి తాత వచ్చి వాకిట్లో మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ముప్పై ఏళ్ళ కిందట ఆ తొట్టి చేసింది ఆయనే.

"తప్పంతా నాదేనమ్మా! ఆ చిల్లు వెంట్రుకవాసి వదులుగా తొలిచాను. అప్పుడే అనుమానం వచ్చింది. ముప్పై ఏళ్ళుగా నిద్రలేదు."

"తాతా, లెండి! వానలో ఈ కూర్చోవడమేంటి!" అంది మిసావో.

ఇదంతా కురోదా మాస్టారు ముందుగదిలోంచి చూస్తున్నారు. నోటికి అడ్డంగా తువ్వాలు. ముందు చిట్టా పుస్తకం. స్నానం చేసి వచ్చిన దగ్గర్నుంచి ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. మిసావో టీ పోస్తే "ఊఁ" అన్నారు. వాతావరణం గురించి అడిగితే "ఊఁహూఁ" అన్నారు. ఆయనకి ప్రాణమైన ముల్లంగి ఊరగాయ పెడితే, పళ్ళేన్ని ఒక్క వేలితో పక్కకి నెట్టారు.

మిసావో చెమటలు కక్కుతూ వంటింట్లోకి వచ్చింది. "ముల్లంగి ముట్టలేదండీ!"

కెంజో కత్తి కింద పెట్టేశాడు. "ముట్టలేదా? అయిపోయింది మన పని."

ఆరింటికి ఎనిమిది మందీ ముద్దగా తడిసి దిగారు. వాళ్ళ కాళ్ళకి చెప్పులు అందించేలోపే వాకిట్లో ఊరివాళ్ళు గొడుగులతో సిద్ధంగా ఉన్నారు. తలా ఒకరిని పట్టుకుపోయారు. మిసావో కళ్ళు మూసుకుంది. పన్నెండు నియమాలు చదవని ఎనిమిది మంది, ఎనిమిది కొత్త ఇళ్ళల్లో!

ఏడింటికి వాళ్ళు తిరిగొచ్చారు. బుగ్గలు ఎర్రబడి, కేరింతలు కొడుతూ. ఒకతను ఎవరి తాతదో దూది కోటు వేసుకొచ్చాడు. ఒకామె జడలో ఎవరో చేమంతి గుచ్చారు. తోకి పిన్ని తన అతిథికి వీపు తోమిందట. వచ్చే ఏడాది కూడా ఆ ఇంటికే వస్తానని అతిథి మాటిచ్చిందట. కొండలు చూడ్డానికి వచ్చామనీ, చుట్టాలు దొరికారనీ అందరూ అంటుంటే రోసియో తర్జుమా చేసి చెప్పింది.

భోజనాల దగ్గర మాస్టారు మెత్తటి టోఫు మాత్రం మింగారు. అప్పుడు రోసియో కుంటుకుంటూ వెళ్ళి ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. పూల గుడ్డలో ముచ్చటగా చుట్టిన చిన్న పొట్లాన్ని రెండు చేతులతో అందించింది.

"చాలా చిన్న వస్తువు మాస్టారూ. దయచేసి స్వీకరించండి."

మాస్టారు తల వంచి అందుకుని, పక్కన పెట్టేశారు.

"విప్పి చూడండి" అంది రోసియో.

మాస్టారు తల అడ్డంగా ఊపి, జేబులోంచి నియమాల కాగితం తీసి తొమ్మిదోది చూపించారు. ఇచ్చినవారి ఎదుట కానుక విప్పరాదు.

"తెలుసు మాస్టారూ. కానీ మా ఊళ్ళో విప్పకపోతే ఇచ్చినవాళ్ళు నొచ్చుకుంటారు." ఆమె పన్నెండో నియమం మీద వేలు పెట్టింది. అతిథి మనసు నొప్పించరాదు.

మాస్టారు తన నియమానికి తానే చిక్కారు. గుడ్డ కొస మెల్లగా ఎత్తారు. పక్కన టీ పోస్తున్న మిసావో కూడా చూసింది.

పళ్ళు. నాలుగు పెట్టుడు పళ్ళు, వరసగా.

మిసావో చేతిలో టీకూజా ఆగిపోయింది. తువ్వాలు. ఊఁ. ఊఁహూఁ. ముల్లంగి. అరగంట.

మాస్టారు అటు తిరిగి చొక్కాచేయి అడ్డం పెట్టుకున్నారు. ఇటు తిరిగేసరికి గొంతు ఖంగుమంది.

"జాబితాలో ఈ సత్రం పేరు ఉంటుంది. ఒక్క సత్రమే కాదు, ఎనిమిది ఇళ్ళ తొట్లూ ఉంటాయి." చిట్టా మీద ఎర్రముద్ర పడింది. మిసావో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "కానీ జరిగింది జరిగినట్టు రాయాలి. బిరడా పీకిన మనిషి పేరు రాయాలి."

"తప్పు నాదే మాస్టారూ!" అంది రోసియో.

"కాదు, నాది!" కెంజో లేచాడు.

"నా చిల్లుదే ఆ పాపం!" మొహేయి తాత గడప అవతల నుంచి అరిచాడు.

"సరిగ్గా కాపలా కాయనిది నేను" అంది మిసావో, ఊరుకుంటే బాగుండదని.

"నిశ్శబ్దం!" నలభై ఏళ్ళ తరగతిగది గొంతు అది. అందరూ ఠక్కున కూర్చున్నారు. మాస్టారు కలం తీశారు.

"పళ్ళు నీళ్ళలో జారిపోయాయి. ఆవిరిలో కళ్ళు కనబడలేదు. నీళ్ళన్నీ వదిలినా దొరకలేదు. అవి చిల్లు కింది జల్లెడలో ఇరుక్కున్నాయి, ఈ అమ్మాయి వెతికి తీసి, నా పరువుకి గుడ్డ చుట్టి తెచ్చింది. రాస్తున్నాను. బిరడా పీకింది కురోదా. నాలుగో నియమం రాసిన కురోదాయే."

ఈసారి ఆ తప్పు నాదంటూ ఎవరూ పోటీకి రాలేదు.