సాక్షి లేని చెల్లెలు

గంగపేట మునిసిపాలిటీ ఐదేళ్లకోసారి జనం బుర్రలను కొత్త వెర్షన్‌లోకి మారుస్తుంది. ఈసారి వంతు ఏడో వార్డుకు వచ్చింది. మారిస్తే పాతవన్నీ చెరిగిపోతాయి కాబట్టి, కావలసిన జ్ఞాపకాలను ముందే ఆఫీసులో బ్యాకప్ చేయించుకోవాలి. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయమని చెప్పే ఆటోనే ఈ సంగతి కూడా మైకులో చెప్పి వెళ్లింది. గడువు శనివారం సాయంత్రం ఐదింటి వరకు.

మిషన్ కుట్టుకునే బాలమణికి భయం కంటే కుతూహలమే ఎక్కువ. ఆరో వార్డు సులోచనకు పోయిన నెలే మార్చారు. అప్పటి నుంచి ఆమె తోడికోడలితో కొట్లాట మానేసింది. ఇన్నాళ్లూ ఎందుకు కొట్లాడావని అడిగితే చెప్పలేక నవ్వుతుంది. అట్లాంటి బుర్ర తనకూ వస్తే లోపల ఎట్లుంటుందోనని బాలమణి జాకెట్లకు హుక్కులు కుడుతూ తెగ ఆలోచించింది.

ప్రతి జ్ఞాపకానికీ ఒక ఫారం, అది నిజమేనని ఒక సాక్షి. పెళ్లికి, ఇద్దరు పిల్లల కాన్పులకు మొగుడే సాక్షిగా వచ్చి పనికి పోయాడు. చిక్కంతా చెల్లె రాజమణి దగ్గర వచ్చింది.

రాజమణి తొమ్మిదేళ్లకే కామెర్లతో పోయింది. ఫొటో లేదు, అమ్మానాన్నలూ లేరు. బాలమణికి మిగిలింది ఒక్క మధ్యాహ్నం. బీడీలు చుడుతూ అమ్మ కునుకు తీసినప్పుడు, చెల్లె ఒక మిడతను తునికాకులో చుట్టి, దారం కట్టి, బీడీల కట్టలో కలిపేసింది. అది ఎవరి నోట్లోకి పోతుందోనని ఇద్దరూ ఆకుల మూట వెనక నోళ్లు మూసుకుని పడీపడీ నవ్వారు. ముందు పన్ను విరిగిన ఆ మొహం పోతే చెల్లె పోయినట్టే. అది రెండోసారి పోవడం బాలమణికి ఇష్టం లేదు.

"ఇది చూసినోళ్లు ఎవలున్నరమ్మా?" అని అడిగింది కౌంటర్లోని ప్రసన్న మేడం.

"మేమిద్దరమే మేడం."

"అయితే ఆ రెండో ఆమెను తోల్కరాండ్రి."

"అది సచ్చిపోయింది మేడం. అందుకే గదా నేనొచ్చింది."

ప్రసన్న ఓపిగ్గా రూలు చదివి వినిపించింది. బతికున్న సాక్షి లేని జ్ఞాపకాన్ని కల కింద జమకడతారు. కలలకు ఆ ఆఫీసులో సెక్షన్ లేదు.

ఇట్లాంటి వాళ్ల కోసమే గేటు బయట ఓదెలు నిలబడి ఉంటాడు. ఎవరి భూమి రిజిస్ట్రేషన్‌కైనా ముప్పయ్యేళ్లు సాక్షి సంతకాలు పెట్టిన మనిషి, ఈమధ్యే జ్ఞాపకాలకు మారాడు. రూలు సాక్షి ఉన్నాడా అని అడుగుతుంది గానీ, చూశాడా అని అడగదు. కాకపోతే సాక్షి తన నోటితో చెప్పాలి. అతను చెప్పిందే రికార్డవుతుంది. బాలమణి అతనికి మిడత సంగతి రెండుసార్లు చెప్పింది.

"ఎరుకైంది అక్కా, చెల్లె కేసే గదా. పొద్దటిసంది పదకొండు చేసిన" అన్నాడు ఓదెలు.

కౌంటరు ముందు అతను కళ్లు మూసుకుని గడగడా అప్పజెప్పాడు. "రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. ఉయ్యాల ఊగేది. అక్కా అక్కా అని ఎంట తిరిగేది. ఉగాది తెల్లారి పోయింది పాపం."

"మిడత... మేడం, మిడత!"

"సాక్షి చెప్పేటప్పుడు పార్టీ మాట్లాడొద్దమ్మా. సేవ్ చెయ్యాల్నా, వద్దా?"

గోడ గడియారంలో ఐదుకు నాలుగు నిమిషాలు తక్కువ.

"గుడ్డి కంటే మెల్ల నయం అక్కా. ఏదో ఒక చెల్లె ఉంటది గదా" అన్నాడు ఓదెలు, మంచి మనసుతోనే. బాలమణి వేలిముద్ర వేసింది.

ఆదివారం బుర్ర మారింది. సోమవారం పొద్దున బాలమణి కొత్త ఇంట్లో గదులు చూసుకున్నట్టు లోపలంతా చూసుకుంది. తేలిగ్గా ఉంది. చెల్లె ఎర్ర రిబ్బన్లతో ఉయ్యాల మీద స్పష్టంగా కనిపించింది. పేరు ఫారంలో ఉంది కాబట్టి పేరు కూడా మిగిలింది. జాకెట్ కోసం వచ్చిన సులోచనకు ముచ్చటగా చెప్పింది.

"మా చెల్లె గూడ గంతే, ఎర్ర రిబ్బన్లే" అంది సులోచన. ఇద్దరికీ అందులో వింతేమీ కనిపించలేదు.

ఊళ్లో చనిపోయిన చెల్లెళ్లందరూ ఒకే రోజున పోయారని రికార్డుల్లో తేలడంతో, ఉగాది తెల్లారి మునిసిపాలిటీ షామియానా వేయించి, రెండు జడల పిల్ల బొమ్మ ఒకటి పెట్టించి దండ వేసింది. బాలమణి వరుసలో నిలబడి పువ్వు పెట్టి, "మా రాజమణి" అని సులోచనకు చూపించింది. సులోచన అదే బొమ్మను చూపించి ఇంకో పేరు చెప్పింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఏడుపు మాత్రం ఇద్దరికీ నిజంగానే వచ్చింది.